కుడి అరికాలు, మూడో దశ

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. బళ్ళో టీచరు నన్నెప్పుడూ బెంచీ చివరే కూర్చోబెట్టేది, లేచినప్పుడల్లా పక్కవాళ్ళని తొక్కుతానని. పెద్దయ్యాక ఈ గుణమే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. రాయదుర్గంలో మెట్రో దిగగానే కనిపించే అద్దాల భవనాల్లో ఒకదాంట్లో, పదకొండో అంతస్తులో, పద్నాలుగేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నాను. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. కుదురుగా ఉండే మనిషి ఈ పని చెయ్యలేడు. అంతా బాగానే ఉందని ఎవరైనా అంటే నాకు ఎక్కడో దురద పుడుతుంది.

టీంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఒక మాట చెబుతాను. ఏదైనా చెడిపోతే ముందు "ఏం మారింది" అని అడగండి. నిన్న పనిచేసింది ఇవాళ పనిచెయ్యలేదంటే మధ్యలో ఎవరో ఏదో మార్చారు, మార్చిన మనిషి నోరు విప్పడం లేదు. ఒకసారి ఒకాయన ఒక్క లైను మార్చి మాకు చెప్పలేదు. మూడు రోజులు మా టీం మొత్తం లేని తప్పు కోసం తలలు బద్దలుకొట్టుకుంది. మీటింగులో అందరి ముందూ ఆయన్ని కడిగి ఆరేశాను. "చిన్న విషయమే కదా అనుకున్నానండి" అన్నాడు పాపం. ఆ తర్వాత ఆయన మొహం నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

నా మెడ మీద గడ్డ దొరికింది కూడా ఆఫీసులోనే. ఐడీ కార్డు టేపు ఎడమ వైపు ఒరుసుకుంటోందని సర్దుకుంటుంటే, కాలర్ ఎముక పైన వేళ్ళకి ఏదో తగిలింది. నొప్పి లేదు. ఉడకని శనగగింజలా గట్టిగా ఉంది. అప్పటికి రెండు నెలల నుంచి నేను బరువు తగ్గుతున్నాను, క్యాంటీన్లో అందరూ "ఏం డైటండీ" అని అడుగుతుంటే సంబరపడుతున్నాను. నెల తిరిగేసరికి ఆ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపడం, దానికి లింఫోమా అని పేరు రావడం అయిపోయాయి. లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్.

డాక్టరు గారు గుంటూరు వైపు మనిషి. నా కంటే ఓ పదేళ్ళు పెద్దావిడ. కంగారు పెట్టకుండా, అలాగని లేని ఆశలు పెట్టకుండా మాట్లాడుతుంది.

"ఏ రకమో తెలిసిందండి. మందులకి బాగా లొంగే రకమే," అంది. "ఎంతవరకూ పాకిందో ఇంకా తెలీదు. అది తెలిస్తేగానీ ఎంత మందు ఇవ్వాలో, ఎన్నిసార్లు ఇవ్వాలో నేను చెప్పలేను. పెట్ సీటీ స్కాన్ చేయిద్దాం."

కాగితం మీద మనిషి బొమ్మ గీసి, ఛాతీకీ పొట్టకీ మధ్యలో ఒక గీత గీసింది. అక్కడ గొడుగులాంటి పొర ఒకటి ఉంటుందట. జబ్బు ఉన్న గ్రంథులన్నీ ఆ గీతకి ఒకే పక్క ఉంటే రెండో దశ లోపే. గీతకి అటూ ఇటూ రెండు పక్కలా ఉంటే మూడోది. రెండో దశ అయితే నాలుగు విడతల కీమోతో సరిపోవచ్చు. మూడయితే ఆరు, బహుశా గట్టి మందులు. నేను ఆ గీత వంక చూస్తూ ఉండిపోయాను. నా జీవితం మొత్తం బాల్‌పాయింట్ పెన్నుతో గీసిన ఒక గీత మీదకొచ్చి నిలబడింది.

మా ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన గురించి చెప్పాలి. చందానగర్ దగ్గర ఒకప్పుడు ఊరుగా ఉండి ఇప్పుడు సిటీలో కలిసిపోయిన చోట పుట్టాడు. ఆయనకి పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి కామెర్లు వచ్చాయి. వాళ్ళమ్మ నలభై రోజులు గుడి చుట్టూ తిరిగింది. దవాఖానకి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ తర్వాత ఆయన ఏ గుడి గడపా తొక్కలేదు. అమ్మని ఏమీ అనలేదు, ఆవిడ పోయేదాకా ప్రేమగానే చూసుకున్నాడు, కానీ ఆవిడ ప్రదక్షిణలకి బయల్దేరితే ఇంట్లోంచి వెళ్ళిపోయేవాడట. మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. నాకు ఆయనంత బలమైన కారణం లేకపోయినా, ఆయన కంటే నాకు నోరు ఎక్కువ. మా నిజాంపేట ఫ్లాట్లో బిల్డరు ముచ్చటపడి కట్టించిన పూజ గదిలో వాషింగ్ మెషీన్ పెట్టింది నేనే. రిలీజు ముందు సర్వర్ గది గుమ్మంలో నిమ్మకాయ పెట్టే మా టీం వాళ్ళని ఏడిపించింది కూడా నేనే.

మా ఐటీ వాళ్ళందరికీ తెలిసిన ఒక గుడి ఉంది. పేరు చెప్పను. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, ముందు పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకోవాలి. అది తీరాక మళ్ళీ వెళ్ళి నూట ఎనిమిది చెయ్యాలి. లెక్క తప్పకుండా గడులున్న చిన్న అట్ట ఇస్తారు, చుట్టుకో గడి కొట్టేసుకోవాలి. వీసా కోసం, ప్రమోషన్ కోసం మా ఫ్లోర్‌లో సగం మంది వెళ్ళొచ్చినవాళ్ళే. సోమవారం పొద్దున ఎవరైనా కుంటుతూ వస్తే "ఏ దేశం వీసా" అని నేనే అడిగేదాన్ని.

స్కాన్ బుధవారానికి ఇచ్చారు. మధ్యలో ఆరు రోజులు. నేను చేసేదేమీ లేదు, వేచి ఉండడం తప్ప, నాకు రానిది అదొక్కటే. వాళ్ళిచ్చిన సూచనల కాగితాన్ని మా ఆఫీసు పత్రాల్లాగే అక్షరం అక్షరం చదివాను. ముందు రోజు అన్నం, తీపి తినకూడదు. ఆరు గంటలు ఉపవాసం. స్కానుకి ఇరవై నాలుగు గంటల ముందు నుంచి ఎక్కువ నడవకూడదు, వ్యాయామం చెయ్యకూడదు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలి. నాలుగుసార్లు చదివాక ఇంక చదవడానికి కాగితం మిగల్లేదు. ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతుంటే మా ఆయన టీవీ ఆపేసి, "జర కూసో. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నయ్," అన్నాడు.

శనివారం ఆయనకి ఆఫీసు ఉంది. నేనూ ఆఫీసుకే వెళ్తున్నానని చెప్పి క్యాబ్ ఎక్కి ఆ గుడికి వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు. భక్తి అని అనలేను. భయం అంటే ఒప్పుకుంటాను. చెప్పులు విప్పి అట్ట పుచ్చుకుని నడవడం మొదలుపెట్టాను. నాలుగు చుట్లు తిరిగేసరికి నాకు హాయిగా అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ నెలలో మొదటిసారి. నా ఒంట్లో ఉన్న గాభరా మొత్తానికీ నా కాళ్ళకీ సరిగ్గా సరిపోయింది. నడుస్తున్నంతసేపూ మెడ గుర్తు రాలేదు. పదకొండో గడి కొట్టేశాక ఆగలేదు. అట్ట మీద ఇంకా తొంభై ఏడు గడులు ఖాళీగా ఉన్నాయి. గడులు ఖాళీగా వదిలేసే అలవాటు నాకు లేదు.

ముప్ఫయ్యో చుట్టులో అనుకుంటా, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను చెయ్యెత్తి ఆపింది.

"బిడ్డా, కోరిక తీరిందా?"

"లేదండి. ఇంకా లేదు."

"మరి పదకొండే గదా. తీరినంక వచ్చి తిరుగుతరు నూట ఎనిమిది."

"తీరాక రావడానికి కుదురుతుందో లేదోనండి," అన్నాను.

ఆవిడ ఎత్తిన చెయ్యి దించేసి దారి ఇచ్చింది. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు.

చలికాలమైనా మిట్టమధ్యాహ్నానికి బండలు కాగిపోయాయి. తొంభయ్యో ఎంతో అయ్యాక కుడి అరికాల్లో ఏదో గుచ్చుకుంది. పగిలిన కొబ్బరి పెంకు ముక్క. లాగి పారేసి మిగతావి కూడా తిరిగాను. నూట ఎనిమిదో గడి కొట్టేశాక అట్టని హుండీ దగ్గర వదిలేసి, ఎవరైనా మా ఫ్లోర్ వాళ్ళు చూశారేమోనని నలువైపులా చూసుకుంటూ బయటికొచ్చాను.

కాగితంలోని నిబంధన నేను తప్పలేదు. స్కానుకి ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ ధీమా ఎంత గట్టిగా ఉందంటే, ఆదివారం బొబ్బలు చితికినా, సోమవారానికి కుడి కాల్లో పెంకు గుచ్చుకున్నచోట చీము పట్టినా, ఆయింట్‌మెంట్ రాసి సాక్సులు తొడుక్కోవడం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. చలికాలం కాబట్టి ఇంట్లో సాక్సులు వేసుకున్నా ఎవరూ వింతగా చూడలేదు. మడమ మీదైతే బూటు కరిచిందని చెప్పేదాన్ని. అరికాలు నిండా బొబ్బలకి బూటు కథ అతకదు. పైగా మా ఆయన వాళ్ళమ్మ అరికాళ్ళు చూస్తూ పెరిగిన మనిషి. ఒక్క చూపు చాలు.

బుధవారం పొద్దున స్కాన్ సెంటర్లో నా చేతికి సూది గొట్టం పెట్టారు. ఆ చెయ్యి కదపకూడదన్నారు కాబట్టి ఫారం మా ఆయన నింపాడు. ఒక్కో ప్రశ్నా పైకి చదివి, నేను చెప్పింది రాశాడు.

"షుగర్ ఉన్నదా?"

"లేదు."

"ఈ మధ్యల టీకాలేమన్న ఏసుకున్నవా?"

"లేదు."

"గాయాలు, పుండ్లు, ఇన్ఫెక్షన్లు గిట్ల ఏమన్న ఉన్నయా?"

ఎదురుగా గోడ మీద గడియారం ఉంది, దాన్ని చూశాను. అరికాలికీ మెడ గడ్డకీ ఏం సంబంధం అనుకున్నాను. చిన్న విషయమే కదా అనుకున్నాను.

"లేవు."

ఆయన రాశాడు. ఆయన అక్షరాలు గుండ్రంగా ముచ్చటగా ఉంటాయి.

మందు ఎక్కించాక నన్ను ఒక చిన్న గదిలో పడక కుర్చీలో కూర్చోబెట్టి తలుపు మూశారు. నరంలోకి ఎక్కించింది రేడియో ధార్మికత కలిపిన చక్కెర లాంటి పదార్థం. క్యాన్సర్ కణాలు చక్కెరని ఆబగా తింటాయట, కాబట్టి అవి ఎక్కడుంటే అక్కడ స్కాన్‌లో వెలుగుతుంది. అది ఒళ్ళంతా సర్దుకోవడానికి గంట పడుతుంది. ఆ గంట కదలకూడదు, మాట్లాడకూడదు, ఏమీ నమలకూడదు, ఫోన్ చూడకూడదు. కదిలే కండరం కూడా చక్కెర తింటుంది, బొమ్మలో అనవసరంగా వెలుగుతుంది.

గంటసేపు నేను కదలకుండా ఉండాలి. నన్నెరిగినవాళ్ళెవరైనా నవ్వుతారు. దుప్పటి కింద బొటనవేలు ఆడించబోయి ఆపుకున్నాను. పైకప్పు పలకలకున్న చిల్లులు లెక్కపెట్టాను. అది అయిపోయాక కళ్ళు మూసుకుని గుడి చుట్టూ తిరిగాను, మనసులోనే, గడులు కొట్టేస్తూ. అరికాలు సలుపుతోంది. గాయం సంగతి ఆ గంటలో ఎన్నోసార్లు గుర్తొచ్చింది, ఒక్కసారి కూడా తలుపు కొట్టి చెబుదామని అనిపించలేదు. దాని గురించి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రోజంతా గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమన్నారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ఏడో నెల కడుపుతో ఉన్న పక్క ఫ్లాటు అమ్మాయి నిలబడి నవ్వింది. ఏదో మర్చిపోయినట్టు నటించి మెట్లెక్కాను. నాలుగంతస్తులు. మా ఆయన వెనకాలే వస్తూ, "ఎందుకట్ల కుంటుతున్నవ్," అన్నాడు. ఇంతసేపు పడుకునేసరికి కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి మెట్రోలో వస్తుంటే రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. నిలబడే చదివాను. మెడ ఎడమ పక్క గ్రంథులు వెలిగాయి. ఛాతీ మధ్యలో వెలిగాయి. రెండూ గీతకి పైనే. ఆ తర్వాత ఇంకో పంక్తి ఉంది. కుడి గజ్జలో ఒక గ్రంథి, కొంచెం పెద్దది, కొలతగా తీసుకునే కాలేయం కంటే ఎక్కువగా వెలుగుతోంది. జబ్బు అక్కడికి పాకి ఉండవచ్చు, లేదా ఆ కాలికి ఇన్ఫెక్షన్ ఉంటే దాని వల్ల కావచ్చు, రోగిని పరీక్షించి చూడాలి.

కుడి గజ్జ. కుడి కాలు. నేను పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని ఇదే కాబట్టి నాకు అక్కడే, ఆ రైల్లోనే అర్థమైపోయింది. ఏం మారింది అని అడిగితే జవాబు నా సాక్సులో ఉంది.

ఇంటికి చేరేసరికి ఆయన కూడా చదివేశాడు. టేబుల్ మీద డాక్టరు గీసిన బొమ్మ తెరిచి ఉంది. గీతకి కింద, కుడి గజ్జ దగ్గర, ఆయన పెన్నుతో చుక్క పెట్టాడు.

"కాలుకు దెబ్బ గిట్ల ఏం తగలలె గదా నీకు?" అన్నాడు. నా మొహంలోకి చూడకుండా అడిగాడు. నేను తగిలిందంటానేమోనని ఆశపడుతున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

నేను నోరు తెరిచాను. "లేదు," అన్నాను.

ఎందుకన్నానో వందసార్లు ఆలోచించాను. ఒకటి, ఫారంలో అబద్ధం చెప్పాను, దాన్ని నిలబెట్టాలి. రెండు, గుడి అంటే ఆయన మొహం ఎలా మారుతుందో చూడలేను. మూడోది అన్నిటికంటే బరువైనది. ఒకవేళ గాయం ఉన్నా సరే అది జబ్బే అయితే? ఆయనకి గంపెడాశ పెట్టి, ఆ పైన గుడి సంగతి కూడా చెప్పి, చివరికి మూడో దశే అని తేలితే నేనేం మొహం పెట్టుకోవాలి? శనివారం పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా, అప్పుడు ఆవిడకి ఒంటరిగా చెబుదాం అనుకున్నాను. ఒకటిన్నర రోజు. ఏమవుతుంది ఒకటిన్నర రోజుకి.

ఏమయిందో చెబుతాను. శుక్రవారం ఆయన సెలవు పెట్టాడు. తోమిన గిన్నెలు మళ్ళీ తోమాడు. ఆర్నెల్లు ఇంటి నుంచి పనిచేస్తానని మేనేజర్‌కి ఫోన్ చేసి అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచీ వాయిదా వేస్తున్న అరకు ప్రయాణం గురించి, ఏ సంబంధం లేకుండా, "సంక్రాంతి అయినంక కాదు, మొన్ననే పోవాల్సుండె మనం," అన్నాడు. మధ్యాహ్నం నాకు పెరుగన్నం కలిపి పెట్టి, బట్టలు వేస్తానని పూజ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మెషీన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆగిన చప్పుడు కూడా వినిపించింది. ఆయన రాలేదు. చాలాసేపటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బుట్టలో బట్టలు పొడిగా ఉన్నాయి, మెషీన్ ఊరికే తిప్పాడు.

నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఒక్క మాట చెబితే ఆ మనిషికి ఊపిరాడుతుంది. నా నోట్లోంచి ఆ మాట రాలేదు. తిరిగాను, నీళ్ళు తాగాను, మళ్ళీ తిరిగాను. ఒక్క లైను మార్చి చెప్పని ఆయన "చిన్న విషయమే కదా అనుకున్నానండి" అనడం గుర్తొచ్చి, ఆయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది.

శనివారం పొద్దున డాక్టరు గారు కంప్యూటర్ తెర మీద నా బొమ్మ చూపించింది. బూడిద రంగు మనిషి మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. వెలుగంటే ఆ బొమ్మలో నలుపేనట, మెదడు, మూత్రాశయం నల్లగా నిగనిగలాడుతున్నాయి. అవి అందరికీ అలాగే ఉంటాయట. మెడలో, ఛాతీలో గుత్తిలా మచ్చలు. కింద, కుడి గజ్జలో ఒక్కటే, ఒంటరిగా.

"ఇదొక్కటే నన్ను ఆలోచింపజేస్తోందండి," అంది ఆవిడ. "మధ్యలో పొట్టలో ఎక్కడా లేకుండా ఇక్కడ ఒక్కటి ఉండడం. కాలికి దెబ్బలు, పుళ్ళు ఏమైనా ఉన్నాయా?"

"ఏం లేవు మేడం," అన్నాడు మా ఆయన. "ఫారం నేనే రాసిన."

నా గురించి ఆయన అంత నమ్మకంగా చెప్పడం నేను భరించలేకపోయాను. డాక్టరు నన్ను లేవమని గదిలో ఓ పక్కన వేలాడుతున్న గుడ్డ తెర వెనక్కి తీసుకెళ్ళింది. మంచం మీద పడుకోబెట్టి గజ్జల్లో వేళ్ళతో నొక్కి చూసింది. "సాక్సులు తియ్యండి," అంది.

నేను తియ్యలేదు. ఆకుపచ్చ గుడ్డ తెరకి అవతల, మూడడుగుల దూరంలో ఆయన కుర్చీ ఉంది. కింద ఆయన బూట్లు కనిపిస్తున్నాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గుసగుసగా, "మీకు మాత్రమే చూపిస్తాను, ఆయనకి చెప్పకండి," అన్నాను.

ఆవిడే వంగి సాక్సు లాగింది. చీముకి అంటుకుపోయి చురుక్కుమంది. అరికాలిని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఎన్ని చేశారు?" అంది మెల్లగా. "ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నానండి. ఈ అరికాళ్ళు నాకు కొత్త కాదు."

"నూట ఎనిమిది."

"కాలి నుంచి వచ్చే నాళాలన్నీ గజ్జల్లోని గ్రంథుల్లోకే వెళ్తాయి. ఇక్కడ పుండు ఉంటే అక్కడ గ్రంథి వాస్తుంది, స్కాన్‌లో వెలుగుతుంది. ఈ ముక్క మొన్న ఫారంలో ఉండుంటే..." అని ఆగి, "ఆయనకి నేను చెప్పను. అది మీ పని. కానీ ఆ కుర్చీలో ఆయన ఎలా కూర్చున్నారో నేను చూశానండి," అంది.

నేను లేచి కూర్చున్నాను. తెర పక్కకి లాగింది ఆవిడ కాదు, నేనే. కాలు చాపి ఆయనకి చూపించాను. మాటలు ఏం ఉపయోగించానో గుర్తు లేదు. గుడి అన్నాను, శనివారం అన్నాను. ఆయన నా అరికాలు వంక చూస్తూనే ఉన్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఆ మొహంలోకి వచ్చి వెళ్ళిపోవడం నేను చూశాను. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "మేడం, అంటే గది జబ్బు కాకపోవచ్చునా?" అని అడిగాడు. ముందు అడిగింది అదే.

"కాకపోవచ్చు. అనుకుని ఊరుకోలేం. సూదితో కొంచెం తీసి చూద్దాం."

కార్లో ఇంటికి బయల్దేరాం. ఫ్లైఓవర్ దిగాక రోడ్డు పక్కన ఆపాడు.

"పదకొండు చాలు గదా, ముందుగాల. నూట ఎనిమిది ఎందుకు తిరిగినవ్?" అన్నాడు. ఆ లెక్క ఆయనకి తెలుసు, వాళ్ళమ్మ కొడుకు కదా.

"తీరాక రావడానికి ఉంటానో లేనో అని."

ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. బళ్ళు పోతున్నాయి.

"గుడికి పోయినవని కోపం లేదు నాకు," అన్నాడు చివరికి. "నాకు చెప్పలేకపోయినవ్ చూడు, గది. నిన్నంత నేను నిన్ను సాగనంపినట్టే తిరిగిన ఇంట్ల. నువ్వు చూసుకుంట ఊకున్నవ్. జబ్బుకంటె నాకే ఎక్కువ భయపడ్డవా నువ్వు?"

అవునని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఆయన ఆపమనలేదు. ఇంటికెళ్ళాక బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, కింద కూర్చుని నా కాలు కడిగి కట్టు కట్టాడు.

సూది పరీక్ష ఫలితం బుధవారం వచ్చింది. వాపే, జబ్బు కాదు. రెండో దశ. క్యాన్సర్ ఏ దశో విని ఇద్దరు మనుషులు అంత సంతోషించడం ఆ ఆసుపత్రిలో ఎవరైనా చూసి ఉంటే పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు. కీమో మొదలైంది, జుట్టు ఊడింది, నోరు పూసింది, అరికాలు మాత్రం పది రోజుల్లో మానిపోయింది.

రెండు నెలల తర్వాత, మందు పనిచేస్తోందో లేదో చూడడానికి మళ్ళీ స్కాన్. అది బాగా వచ్చింది, మెడలో, ఛాతీలో మచ్చలు ఆరిపోయాయి. కానీ నాకు గుర్తుండిపోయింది స్కాన్ ఫలితం కాదు. అదే గది, గోడకి అదే గడియారం. చేతికి సూది గొట్టం. మా ఆయన ఫారం నింపుతున్నాడు.

"గాయాలు, పుండ్లు ఏమన్న ఉన్నయా?"

"లేవు," అన్నాను. నిజమే చెప్పాను.

ఆయన పెన్ను కాగితం మీద ఆగింది. రాయలేదు. ఫారం పక్కన పెట్టి, అందరూ చూస్తుండగా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నా కుడి కాలి సాక్సు విప్పాడు. వేళ్ళ మధ్య కూడా వెతికాడు. తిరిగి తొడిగాడు. నాకు కోపం రాలేదు. నేను సంపాదించుకున్నదే అది. ఆయన అడక్కముందే ఎడమ కాలు కూడా చాపాను. అదీ చూసి, లేచి, చొక్కాకి చేతులు తుడుచుకుని, ఆ గుండ్రటి అక్షరాలతో "లేవు" అని రాశాడు.